లాండ్రీ గదిలో అమ్మ

వెస్ట్‌మీడ్‌లో ఒక డాక్టరుగారి క్లినిక్‌లో ఫోన్లు ఎత్తడం నా ఉద్యోగం. ఆరేళ్ళుగా అదే పని. చలికాలం వచ్చిందంటే రోజుకి ముప్ఫై నలభై మంది ఒకటే ప్రశ్న అడుగుతారు. కోవిడ్ టెస్టులో రెండు గీతలు వచ్చాయి, ఇప్పుడేం చెయ్యాలి అని. నేనూ ఒకటే జవాబు చెబుతాను. విడిగా ఒక గదిలో ఉండండి. తలుపు మూసుకుని కిటికీ తెరిచిపెట్టండి. గది దాటితే మాస్కు పెట్టుకోండి. కంచం, గ్లాసు, తువ్వాలు వేరుగా ఉంచండి. నీళ్ళు బాగా తాగండి. ఊపిరి అందకపోతే మాత్రం ఆలోచించకుండా అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి.

చెప్పీ చెప్పీ ఈ మాటలు నాకు నిద్రలో కూడా వచ్చేస్తాయి. "బిందుమాధవి గొంతు వింటే సగం మందికి జ్వరం దిగిపోతుంది" అని మా డాక్టరుగారు నవ్వేవారు.

జూలైలో, అంటే ఈ దేశంలో నడి చలికాలంలో, పిల్లలకి స్కూలు సెలవులప్పుడు, ఆ రెండు గీతలు నాకే వచ్చాయి.

మేం ఉండేది క్లినిక్‌కి దగ్గర్లోనే, పాత ఇటుకల భవనంలో మూడో అంతస్తు. నేను, మా ఆయన శివప్రసాద్, మా పాప తన్మయి. శివ సిటీ బస్సులు నడుపుతాడు. తన్మయికి ఆరేళ్ళు, ఉబ్బసం. కిందటి చలికాలం మామూలు జలుబుతో మొదలై నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతూ అది ఊపిరి తీసుకున్న తీరు నేను ఇంకా మర్చిపోలేదు. అందుకే గీతలు చూడగానే నా గురించి ఆలోచించలేదు. పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసేసుకున్నాను.

ఆ గదికి బాత్రూమ్ కూడా లోపలే ఉంది, బయటికి రావలసిన పనే లేదు. తలుపు బయట సన్నటి నడవా. ఆ నడవాకి ఈ చివర మా గది, ఆ చివర లాండ్రీ. బట్టలుతికే మిషనూ, ఆరబెట్టే మిషనూ పట్టేంత చిన్న గది అది. కిటికీ లేదు. ఎప్పుడూ తలుపు వేసే ఉంచుతాం.

శివ సెలవు పెట్టాడు. వేళకి కంచం తలుపు బయట పెట్టి, రెండుసార్లు తట్టి వెళ్ళిపోయేవాడు. అతని అడుగుల చప్పుడు దూరమయ్యాక నేను మాస్కు పెట్టుకుని తలుపు తీసి కంచం తీసుకునేదాన్ని. తన్మయి మాత్రం తలుపుకి వీపు ఆనించి నడవాలో కూర్చునేది. నేను ఇవతల అలాగే కూర్చునేదాన్ని. ఇద్దరి వీపుల మధ్య ఒక చెక్క. దానికి నేను కథలు చెప్పేదాన్ని. నేను తెలుగులో అంటే అది ఇంగ్లీషులో జవాబిచ్చేది.

"అమ్మా, వెన్ ఆర్ యూ కమింగ్ అవుట్?"

"ఇంకా నాలుగు రోజులమ్మా. నేను చెప్పేదాకా తలుపు తియ్యకూడదు. సరేనా?"

"ఓకే. ఓన్లీ వెన్ యూ సే."

రెండో రోజు సాయంత్రానికి ముక్కుకి వాసనలు తెలియడం మానేశాయి. మూడో రోజు పొద్దున్న లేచేసరికి గొంతు లేదు. బొంగురు పోవడం కాదు. నోరు తెరిస్తే గాలి మాత్రమే వస్తోంది. క్లినిక్ డాక్టరుగారికి మెసేజ్ పెడితే, స్వరపేటిక వాచింది, మాట్లాడే ప్రయత్నమే చెయ్యొద్దు, కొన్నాళ్ళలో వస్తుంది అన్నారు.

తన్మయికి ఒక చీటీ రాసి తలుపు కిందనుంచి తోశాను. వాళ్ళ నాన్న చదివి చెప్పాడు. ఒక్కసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. దానికి అదొక ఆటలా నచ్చింది. ఆ రోజంతా ప్రశ్నలే ప్రశ్నలు. అన్నం తిన్నావా? టక్. నొప్పిగా ఉందా? టక్ టక్. అబద్ధమే, కానీ తట్టడంలో గొంతు వణకదు కదా.

నాలుగో రోజు మధ్యాహ్నం నుంచి వాన. నాలుగింటికే చీకటి పడుతున్నట్టుగా ఉంది. తలుపు అవతలనుంచి శివ అన్నాడు, "బిందూ, తన్మయికి కొంచెం పిల్లికూతలు వస్తున్నాయి. పీల్చే మందు, ఆ పఫర్ చూస్తే ఖాళీ. మందుల షాపుకి వెళ్ళి కొత్తది తెస్తాను. ఈ చల్లగాలిలో దీన్ని తీసుకెళ్ళడం ఎందుకు. టీవీ పెట్టాను, కదలదు. పదిహేను నిమిషాలు, అంతే."

ఒక్కసారి తట్టాను. వెళ్ళమని.

వీధి తలుపు మూసుకున్న చప్పుడు. లిఫ్టు దిగిన చప్పుడు. తర్వాత హాల్లోంచి కార్టూన్ పాటలు, కిటికీ రేకు మీద వాన. నాకు జ్వరం నూట ఒకటి ఉంది. మంచం మీద ఒత్తిగిల్లి కళ్ళు మూసుకున్నాను.

మెలకువ వచ్చింది ఎందుకంటే, టీవీ ఆగిపోయింది.

తన్మయి ఎవరితోనో మాట్లాడుతోంది. నడవాలోనే ఉంది, కానీ నా తలుపు దగ్గర కాదు. దూరంగా.

"అండ్ దెన్ వాట్ హ్యాపెన్డ్?" అంది.

ఎవరో జవాబు చెప్పారు. మెల్లగా, లాలనగా, తెలుగులో. మొదట మాటలు తెలియలేదు. శివ వచ్చేసి ఫోన్లో మా అమ్మతో మాట్లాడిస్తున్నాడేమో అనుకున్నాను. లేచి తలుపుకి చెవి ఆనించాను.

"తర్వాత ఆ పిల్ల తలుపు తీసిందమ్మా. తీస్తే లోపల వాళ్ళమ్మ ఉంది."

అది నా గొంతు.

ఆరేళ్ళుగా క్లినిక్ రికార్డింగులో నా గొంతు నేను వింటున్నాను. పొరబడటానికి లేదు. మాట చివర కొంచెం సాగదియ్యడం, 'అమ్మా' అనేటప్పుడు చిన్న నవ్వు... అన్నీ నావే. జబ్బు చెయ్యక ముందున్న నా గొంతు.

జ్వరం అనుకున్నాను. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. గోడ చల్లగా, నిజంగా ఉంది.

"అమ్మా, యూ కెన్ టాక్ నౌ?" తన్మయి అడిగింది. దాని గొంతులో సంతోషం.

"ఆఁ, తగ్గిపోయింది తల్లీ."

"బట్ వై ఆర్ యూ ఇన్ ద లాండ్రీ?"

ఆ గొంతు నేను ఫోన్లో చెప్పేటట్టే, అదే వరుసలో, అదే నిదానంతో చెప్పింది. "విడిగా ఒక గదిలో ఉండాలి కదమ్మా. తలుపు మూసుకుని ఉండాలి. కంచం, గ్లాసు, తువ్వాలు వేరుగా ఉంచుకోవాలి..."

కిటికీ మాట చెప్పలేదు. ఆ గదికి కిటికీ లేదు.

నేను తలుపు మీద బాదాను. రెండుసార్లు. కాదు. మళ్ళీ రెండుసార్లు. కాదు, కాదు.

"అమ్మా, హూ ఈజ్ నాకింగ్?" అంది తన్మయి.

"పక్కింటివాళ్ళు, తల్లీ. పట్టించుకోకు."

నోరు తెరిచి అరిచాను. గాలి వచ్చింది. ఇంకా గట్టిగా అరిచాను. గొంతులో ఏదో చిట్లినట్టు మంట, నోట్లో ఇనుము రుచి... చప్పుడు లేదు. నా బిడ్డకి పది అడుగుల దూరంలో నిలబడి ఒక్క మాట అనలేకపోయాను.

ఫోన్ తీసి శివకి మెసేజ్ కొట్టాను. 'వెంటనే రా. లాండ్రీలో ఎవరో ఉన్నారు. పాప ఒక్కతే ఉంది.'

అర నిమిషంలో ఫోన్ మోగింది. ఎత్తి చెవికి పెట్టుకున్నాను. వెనక షాపులో జనం మాటల చప్పుడు, అతని ఆదుర్దా.

"బిందూ? ఏంటి, ఏమైంది?"

నేను ఊపిరి మాత్రం వినిపించగలిగాను.

"ఓ... అవునా," అన్నాడు.

నేనేమీ అనలేదు.

"హమ్మయ్య, హడలగొట్టావు కదా. అరే, గొంతు వచ్చేసిందే! మంచిది, మంచిది." కొంచెం ఆగాడు, వింటున్నట్టు. నవ్వాడు. "సరే అయితే. ఇక్కడ బాగా క్యూ ఉంది, కారు కూడా దూరంగా పెట్టాను. మెల్లగానే వస్తాలే."

పెట్టేశాడు.

నా నోటికీ అతని చెవికీ మధ్య ఏదో దూరి కూర్చుంది. ఇంక ఎవరికి ఫోన్ చేసినా ఏం లాభం? అంబులెన్సుకి చేస్తే అది ఏం చెబుతుంది?

నడవాలో తన్మయి దగ్గింది. పొడి దగ్గు, చివర సన్నటి ఈల.

"చలేస్తోందా అమ్మా? ఇక్కడ వెచ్చగా ఉంది. తలుపు తియ్యి."

"యూ సెడ్ ఓన్లీ వెన్ యూ సే."

"ఇప్పుడు చెబుతున్నాను కదా."

పిడి తిరిగిన చప్పుడు వినిపించింది.

బయటికి వెళితే దానికి నా జబ్బు అంటుకుంటుంది. కిందటేటి పక్కటెముకలు కళ్ళ ముందు మెదిలాయి. వెళ్ళకపోతే... వెళ్ళకపోతే ఏమవుతుందో దానికి నా దగ్గర పేరు లేదు. మాస్కు ముక్కు మీదకి లాక్కుని తలుపు తీశాను.

నడవాలో దీపం లేదు. హాల్లోంచి బూడిద రంగు వెలుతురు కొంచెం పడుతోంది. రెండు రోజులుగా ఏ వాసనా తెలియని నా ముక్కుకి ఒక వాసన కొట్టింది. నేను తలకి రాసుకునే నూనె, నా పౌడరు, వాటి కింద నా ఒంటి వాసన. నా చీరలు పెట్టుకునే బీరువా తెరిస్తే వచ్చే వాసన. అది లాండ్రీ వైపునుంచి వెచ్చగా వస్తోంది.

తన్మయి లాండ్రీ ముందు నిలబడి ఉంది. తలుపు జానెడు తెరుచుకుని ఉంది. లోపల ఏమీ కనిపించడం లేదు. చీకటి గదిలో కూడా మిషను తెల్లగా తెలియాలి... అదీ లేదు. పాప కుడి చెయ్యి మోచేతి దాకా ఆ సందులో ఉంది.

నన్ను చూసి బెదిరిపోయింది.

నాలుగు రోజులుగా దువ్వని జుట్టు, గుంటలు పడిన కళ్ళు, ముఖానికి మాస్కు. గోడ పట్టుకుని, మాట్లాడకుండా దాని వైపు వస్తున్న మనిషి. దాని అమ్మ గొంతు మాత్రం లోపలుంది.

"తన్మయీ, అటు చూడకు," అంది లోపలిది. "ఆ ఆంటీకి ఒంట్లో బాగాలేదు. దగ్గరికి వెళితే నీకూ అంటుకుంటుంది. రా, లోపలికి వచ్చెయ్యి."

పాప ఒక అడుగు వెనక్కి వేసింది. చీకటి వైపు.

చేతులు జోడించాను. తల అడ్డంగా ఊపాను. అది ఇంకో అడుగు వెనక్కి వేసింది. దాని భుజం సందులోకి వెళ్ళింది.

అప్పుడు మాస్కు పీకి పారేశాను. మోకాళ్ళ మీద కూర్చుని, నా ముఖం దానికి చూపించాను. 'అమ్మ' అని పెదాలు కదిపాను. అంతలో దగ్గు తెర వచ్చింది. ఆపుకోలేకపోయాను. వంగిపోయి, నేల మీద చేతులు ఆనించి దగ్గాను. నాలుగు రోజులూ తలుపుకి వీపు ఆనించి అది విన్న దగ్గు అదే.

"అమ్మా?" అంది తన్మయి. నన్ను చూసి.

లోపలినుంచి... దగ్గు. నాలాగే దగ్గడానికి ప్రయత్నించింది. కానీ అది ఊపిరి ఉన్నవాళ్ళు దగ్గే దగ్గు కాదు. 'దగ్గు' అనే మాటని ఎవరో పలికినట్టుంది.

తన్మయి ఏడుపు మొదలుపెట్టింది. నేను దూకి దాని నడుం పట్టుకుని లాగాను. రాలేదు. అవతలనుంచి లాగడం కాదది. పట్టుకుని ఉంది, అంతే. పిల్లని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు మెత్తగా, వదలకుండా. నా చెంప దాని చెంపకి ఆని ఉంది. నా శ్వాస దాని ముఖం మీద పడుతోంది. తెలుసు. అయినా వదల్లేదు.

బయట లిఫ్టు ఆగింది. తాళంచెవి తిరిగింది.

చెయ్యి వచ్చేసింది. ఇద్దరం వెనక్కి పడ్డాం.

శివ లైటు వేశాడు. లాండ్రీ తలుపు బార్లా తెరుచుకుని ఉంది. తెల్లటి మిషను, దాని మీద సబ్బు పొడి డబ్బా, తీగ మీద ఆరని సాక్సులు. ఇంకేమీ లేవు.

అతను చూసింది వేరు. మాస్కు లేకుండా, పిల్లని గుండెకి అదుముకుని నేల మీద పడి ఉన్న నన్ను.

"ఏం పని చేశావు బిందూ!" పాపని నా చేతుల్లోంచి లాక్కున్నాడు. "నాలుగు రోజులు ఆగావు, ఇంకొక్క రోజు ఆగలేకపోయావా?"

నేను లాండ్రీ వైపు చూపించాను. గొంతు చూపించాను. కాగితం తీసుకుని జరిగింది రాశాను. అతను చదివాడు.

"నువ్వే కదా ఫోన్లో చెప్పావు," అన్నాడు మెల్లగా. "కంగారు పడకు, తన్మయి నా తలుపు దగ్గరే ఉంది అన్నావు."

ఆ తర్వాత రెండో రోజుకి పాపకి గీతలు వచ్చాయి. మూడో రోజు పొద్దున్న అంబులెన్సు వచ్చింది. నాకింకా తగ్గలేదు కాబట్టి నన్ను వెంట రానివ్వలేదు. శివ వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను, దుప్పటిలో చుట్టిన చిన్న మూట, ముఖం మీద గొట్టం. అంబులెన్సు మలుపు తిరిగేదాకా అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. పిలుద్దామన్నా గొంతు లేదు.

ఐదు రోజులు ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. లాండ్రీ తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రమ్మన్నాను దాన్ని, మనసులో. నన్ను తీసుకో, పాపని వదిలెయ్ అన్నాను. ఒక్క చప్పుడు కూడా రాలేదు. ఖాళీ ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంది. అది చూసి ధైర్యం రాలేదు నాకు. ఇక్కడ లేకపోతే ఎక్కడున్నట్టు? పావుగంటకొకసారి శివకి మెసేజ్ పెట్టేదాన్ని. పాప దగ్గర ఎవరున్నారు? నేనే ఉన్నాను అనేవాడు. ఇంకెవరూ లేరు కదా? లేరు బిందూ, పడుకో.

తన్మయి బతికింది. ఆరో రోజు ఇంటికి వచ్చింది, చిక్కి సగమైపోయి.

ఆ ఫ్లాటు ఖాళీ చేసి బ్లాక్‌టౌన్ అవతల కొత్త ఇళ్ళ వైపు అద్దెకి వచ్చేశాం. ఒకసారి జడ వేస్తూ అడిగాను, ఆ రోజు లోపల ఎవరున్నారమ్మా అని. అప్పటికి నా గొంతు గరగరమనే గుసగుసగా మారింది.

"ఇట్ వాజ్ యూ," అంది, అద్దంలో నన్ను చూస్తూ. "బట్ యూ వర్ నాట్ సిక్."

నేను జడ చివర ముడి వేసేశాను.

గొంతు డాక్టరు ఓపిక పట్టమన్నారు. క్లినిక్‌లో నన్ను ఫోన్ల నుంచి తప్పించి ఫైళ్ళ పనికి వేశారు. ఇంట్లో గరగరమంటూ పిలిస్తే తన్మయి ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. ఒక్కోసారి నేను పిలవకుండానే కూడా వచ్చేది. వచ్చి, నన్ను చూసి, ఏమీ లేదని తల ఊపి వెళ్ళిపోయేది.

అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్న, పెసరట్టు తిప్పుతూ అలవాటుగా పిలిచాను. "తన్మయీ, రామ్మా, చల్లారిపోతుంది."

గరగర లేదు. నిండుగా, స్పష్టంగా, ఎప్పటి నా గొంతు.

"వచ్చేసింది!" శివ కుర్చీలోంచి లేచాడు. అతని కళ్ళలో నీళ్ళు. "బిందూ, నీ గొంతు వచ్చేసింది! తన్మయీ, విన్నావా, అమ్మ గొంతు!"

పాప వంటింటి గడప దగ్గరకి వచ్చి ఆగిపోయింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. నా ముఖం వంక చూసింది. తర్వాత నా భుజం పక్కన, ఎవరూ లేని చోటు వంక చూసింది. మళ్ళీ నా వంక.

"ప్లీజ్ అమ్మా," అంది, ఏడుపు ఆపుకుంటూ. "ఇద్దరూ ఒకేసారి పిలవొద్దు."